పోశెట్టి కాక నిలబడగలిగిన ఇల్లు

కోరుట్లలో మా వీధికి ఈ వారం తారు వేస్తున్నారు. కిటికీ మూసినా కాలిన వాసన ఇంట్లోకి వస్తూనే ఉంది. అందరికీ అది రోడ్డు వాసన. నాకు మాత్రం ఒడ్డున పడవను బోర్లించి, మోకాళ్ల మీద కూర్చుని తారు పూస్తున్న పోశెట్టి కాక కళ్ల ముందుకు వస్తాడు.

వెల్గటూరు దగ్గర గోదావరి ఒడ్డున మా ఊరు ఉండేది. మేం గోదావరిని గంగ అనే అంటాం. నాకు ఊరి వరసకు చిన్నాన్న అయిన కాక ఆ గంగ మీద జనాన్ని అవతలి ఒడ్డుకు దాటించేవాడు. భార్య పోయింది, బిడ్డ లక్ష్మిని సిరిసిల్లకు ఇచ్చాడు, ఒక్కడే ఉండేవాడు. నేను ఏడో తరగతితో బడి మానేసి బీడీలు చుట్టేదాన్ని. జగిత్యాలలో పని పడినప్పుడల్లా అక్కడి గ్రంథాలయంలో కూర్చుని చేతికందిన పుస్తకమల్లా చదివేదాన్ని. చదివినది పడవలో అందరికీ వినిపించడం నాకు పెద్ద గర్వం. కాకకు అక్షరం రాదు. గెడ వేస్తూ వినేవాడు. మధ్యలో అతను అడిగే ప్రశ్నలకు నా పుస్తకాల్లో చాలాసార్లు జవాబు ఉండేది కాదు. అప్పుడు నేనే ఏదో ఒకటి కల్పించి చెప్పేదాన్ని.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. సభలకు పోయేవాళ్లతో, జెండాలతో పడవ నిండిపోయేది. ఆ రోజుల్లోనే, దిగువన కడుతున్న ప్రాజెక్టు నీళ్లలో మా ఊరు మునుగుతుందని తేలింది. ఒకాయన జై తెలంగాణ అంటూ దిగబోతుంటే కాక ఆపాడు. "ఓ పటేలా, తెలంగాణ అచ్చినంక మా ఊరు మల్ల పైకి తేల్తదా? జర మీ మీటింగుల అడుగు." అందరూ నవ్వారు. కాక కూడా నవ్వి, గెడ అందుకున్నాడు.

ఊరి వాళ్లకు గుట్ట పక్కన కాలనీలో స్థలాలు ఇస్తామన్నారు. "నీళ్లు కనవడని కాడ నాకు బువ్వ దిగది బిడ్డా" అన్నాడు కాక. అప్పుడు నేను చదివిన సంగతి చెప్పాను.

"వేరే దేశంల కాల్వల మీద పడవలే ఇండ్లు కాకా. మంచం, పొయ్యి, కిటికీలు అన్ని అండ్లనే."

"పొగ ఎటు వోతది?"

"గొట్టం పెడ్తరు."

"మరి అండ్ల మన్షి నిలవడొస్తదా, వంగుడేనా?"

"మంచిగ నిలవడొస్తది."

కాక గుడిసె చూరు ఎంత కిందికి ఉండేదంటే, పొడుగు మనిషి కావడంతో అతను పెళ్లయిన నాటి నుంచీ ఇంట్లో నడుము వంచే తిరిగాడు. ఆ ఒక్క మాట అతనికి అంతగా ఎందుకు నచ్చిందో నాకు అప్పుడు తట్టలేదు. వారం తిరగకముందే కాలనీ స్థలం వద్దని కాగితం మీద వేలిముద్ర వేసి వచ్చాడు.

ఎగువన ఖాళీ చేస్తున్న ఊళ్లో రెండు పడవలు అమ్మకానికి ఉన్నాయంటే ఇద్దరం వెళ్లాం. దారి పొడుగునా నాకు పాఠమే. "నీళ్ల మీద ఉన్న పడవను మెచ్చుకోకు. గది పెండ్లిచూపుల్ల కూసున్న పిల్ల. ముందుగాల గడ్డకు గుంజి బోర్లెయ్యాలె. కొత్తగ తారు పూసిండంటే ఏదో దాస్తున్నడని ఎర్క." అక్కడ కత్తి మొనతో ప్రతి అతుకూ గుచ్చి చూశాడు. పడవను రాళ్ల మీద ఎత్తి పెట్టించి, లోపల నీళ్లు పోయించి, తాను కింద పడుకుని ఎక్కడ చుక్క కారుతుందో చూశాడు. తరువాత నన్ను నీళ్లలో పడవ ఎక్కించి ఒక పక్కకు ఒరగమన్నాడు. "ఎంత ఒరిగి మల్ల లేస్తదో, గదే దాని గుణం."

ఒకటి వెడల్పుగా, నేల బారుగా ఉన్న పాత టేకు పడవ. చుక్క కారలేదు. కాక దాన్ని ఎద్దును తట్టినట్టు తట్టాడు. నేను గ్రంథాలయం నుంచి వెంట తెచ్చిన పుస్తకం తెరిచాను. బొమ్మలో ఉన్నది పొడవుగా, సన్నగా ఉంది. దాని మీద ఎత్తయిన కప్పు. "గది కాదు కాకా, గీ రెండోదే గిట్లున్నది. మీద రేకులేస్తే అయిపాయె."

అమ్మేవాడు నవ్వాడు. "ఏందే పోశెట్టీ, ఇన్నేండ్లు పడవ నడిపి ఆడివిల్ల దగ్గర పడవ కొనుడు నేర్చుకుంటున్నవా?"

"దాటిచ్చుడు నాకెర్క. పడవల ఉండుడు నాకు కొత్త. గది సదువుకున్న పిల్లకే ఎర్క" అని కాక నా వైపు తిరిగాడు. "ఇంత సన్నగున్నది, మీద రేకులు. గా దేశంల గాలి రాదా బిడ్డా?"

పుస్తకంలో గాలి గురించి ఒక్క ముక్క లేదు. "రాదు కాకా" అన్నాను.

కాక ఆ సన్న పడవే కొని, మీద రేకులు వేయించాడు. ఊరు మునిగింది. ఆ నీళ్ల మీద కాక కొన్ని నెలలు ఉన్నాడు. నేను వెళితే లోపల నిటారుగా నిలబడి, రేకుకు అరచేయి ఆనించి చూపేవాడు. ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం గాలిదుమారం లేచింది. అన్నం పొయ్యి మీద ఉండగానే పడవ తిరగబడింది. కాక ఈది బయటపడ్డాడు. కాలనీలో స్థలం లేదు. సిరిసిల్లలో బిడ్డ ఇంటికి చేరాడు.

చూడటానికి వెళ్లాను. గోడ అవతల మరమగ్గాలు ఆగకుండా మోగుతున్నాయి. కాక కుక్కి మంచంలో ముడుచుకుని ఉన్నాడు. లక్ష్మి నన్ను చూసి, "నాయినా, సదువులమ్మ అచ్చింది. మల్ల ఏం పుస్తకం తెచ్చిందో చూడు" అంది. నేను తలెత్తలేదు. "గాలి సంగతి నాకు తెల్వకనే రాదన్న కాకా" అన్నాను.

"నాకెర్కే బిడ్డా. నువ్వు జప్పున చెప్పినప్పుడే ఎర్కయింది. గా రేకుల బరువుకు పడవ నిలవదని నా చెయ్యికి తెల్సు." కాక మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చున్నాడు. "నిలవడేటి ఇల్లు గావాలనిపిచ్చింది. ఎర్కుండే కొన్న. నువ్వు మనసుల వెట్టుకోకు."

అతను పోయిన రోజు బంద్. బస్సులు లేవు. కబురు నాకు మూడో రోజు అందింది. తనను గంగ ఒడ్డుకు తీసుకుపొమ్మని అడిగాడట. దారులన్నీ మూసి ఉంటే సిరిసిల్ల పక్కన మానేరు ఒడ్డునే దహనం చేశారు.

ఇప్పుడు మా వీధిలో ఏ సందేహం వచ్చినా నా దగ్గరికే వస్తారు, చదువుకున్న మనిషినని. మొన్న పక్కింటామె డాబా మీద రేకుల గది వేయొచ్చా అని అడిగింది. దాని గురించి చదివిందంతా నాలుక మీదికి వచ్చింది. "చదివిన గని అక్కా, నేనెన్నడు కట్టలే. కట్టినోళ్లను అడుగుదాం, నేను గుడ అస్త" అన్నాను. ఆమె కొంచెం నిరాశపడింది. ఇద్దరం మేస్త్రీ ఇంటికి నడిచాం. మనసులో పెట్టుకోవద్దన్నాడు కాక. ఆ ఒక్క మాట మాత్రం నేను పాటించలేకపోయాను.