తలుపుకి అడ్డం నిలబడని వర్నెల్

వర్నెల్ టిబ్స్ ఎవరింటికెళ్ళినా గుమ్మానికి పక్కగా, గోడ వారన నిలబడుతుంది. చర్చిలోనూ అంతే, పెళ్ళిళ్ళలోనూ అంతే. "ఎప్పుడు చూసినా ఆ గోడకి అతుక్కుంటావేంటే, అదేమన్నా పడిపోతుందా?" అని చెల్లెలు వేళాకోళం చేస్తుంది.

ఆవిడ పని అలాంటిది మరి! షికాగో ఊళ్ళో తిరిగే నీలి లైను రైళ్ళలో, ఇల్లూ వాకిలీ లేక సీట్లమీదే ముడుచుకుని పడుకునేవాళ్ళని పలకరించి, ఒప్పించి, ఓ గూటికి చేర్చడం. ఒకప్పుడు తనూ ఆ సీట్లమీదే రెండు చలికాలాలు గడిపింది. అందుకే మనిషిని తట్టి లేపదు, పక్కనున్న కడ్డీని తడుతుంది. ముందు మేజోళ్ళు ఇస్తుంది, మాటలు తర్వాత. అన్నిటికన్నా ముఖ్యం, మనిషికీ తలుపుకీ మధ్య నిలబడదు. దారి మూసుకుపోతే వాళ్ళకి ప్రాణం పోయినంత పనవుతుంది.

అంత తెలిసిన మనిషీ ఆ జనవరి పొద్దున అదే తప్పు చేసింది.

ఆంబ్రోస్ అనే ముసలాయన్ని ఆవిడ ఎన్నాళ్ళుగానో బతిమాలుతోంది. ఇన్నాళ్ళకి ఆయనకంటూ ఒక గది దొరికింది. మధ్యాహ్నంలోపు వచ్చి చేరకపోతే అది ఇంకొకరికి పోతుంది. చలి చూస్తే ఎముకలు కొరికేస్తోంది, ఆయన దగ్గు చూస్తే ఈ చలికాలం గట్టెక్కేలా లేదు. లైను చివర, అందర్నీ దింపేసే ఫారెస్ట్ పార్క్‌లో, రైలు ఆగీ ఆగగానే ఆవిడ పరిగెత్తుకెళ్ళి తలుపులో నిలబడి, రెండు చేతులూ చాచి, "మిస్టర్ ఆంబ్రోస్! గది దొరికిందండీ! పదండి, పదండి!" అని కేకేసింది.

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. "తప్పుకో! తప్పుకోమంటుంటే!" అని ఆవిణ్ణి తోసుకుని, ఎదురుగా, తిరిగి ఊళ్ళోకి బయల్దేరబోతున్న రైల్లోకి దూరిపోయాడు.

"నా బుద్ధి గడ్డి తింది!" అని నెత్తి కొట్టుకుని, వర్నెల్ కూడా అదే పెట్టెలోకి ఇంకో తలుపునుంచి ఎక్కింది. ఆయనకి దూరంగా కూర్చుంది. మధ్య సీట్లో ఒక మేజోళ్ళ జత పెట్టి నోరు మూసుకుంది. టైము మాత్రం పరిగెడుతోంది.

ఊరి నడిబొడ్డు దాటాక ఆయన చెయ్యి చాచి మేజోళ్ళు తీసుకున్నాడు.

"ఉన్నివేనా? పోయినసారివి చిరిగిపోయాయి."

"ముందు మీ గోళ్ళు చూసుకోండి, ఎందుకు చిరిగాయో తెలుస్తుంది!"

ఆయన నవ్వాడు, ఆ నవ్వు దగ్గులోకి దిగింది.

"ఇందాక తప్పు నాదేనండీ," అందావిడ. "దారికి అడ్డమొచ్చాను."

"తెలిసి తెలిసీ చేశావు కదే, పిల్లా."

"సంతోషం పట్టలేకపోయాను."

ఆయన మేజోళ్ళు సంచీలో పెట్టుకున్నాడు. "పోయినసారి నన్ను పెట్టినచోట బయటనుంచి తాళం వేసేవాళ్ళు. దీనికి గొళ్ళెం ఎటుంది?"

"లోపలే. తాళంచెవి కూడా మీ జేబులోనే ఉంటుంది. లోగన్ స్క్వేర్‌లో దిగితే రెండడుగులే."

లోగన్ స్క్వేర్ వచ్చేసరికి ఆయన సంచీ భుజాన వేసుకుని, "ఎక్కడే నీ గది?" అంటూ తనే ముందు దిగాడు.

మధ్యాహ్నం కాకముందే చేరారు. వర్నెల్ తాళంచెవి ఆయన చేతిలో పెట్టి, వసారాలో గోడకి అతుక్కుని నిలబడింది. ఆయన లోపలికెళ్ళి తలుపు వేసుకున్నాడు. గొళ్ళెం పడింది. వెంటనే తీశాడు. మళ్ళీ వేశాడు, మళ్ళీ తీశాడు. ఆ చప్పుడు వింటూ ఆవిడ ఏడుస్తూనే నవ్వుకుంది.

"ఇంకా ఉన్నావటే, పిల్లా?"

"ఉన్నానండీ."

"ఇంటికెళ్ళు. నాకు నిద్రొస్తోంది."

గొళ్ళెం పడింది. ఈసారి తియ్యలేదు.