కడుపు కింద నొప్పి

గల్ఫ్‌లో రిఫా అనే ఊళ్లో ఒక చైనా డాక్టరు గారి క్లినిక్కులో నన్ను పెట్టుకున్నది నేల తుడవడానికి. అంతకుముందు ఒక అరబ్బు ఇంట్లో నాలుగేళ్లు పిల్లల్ని చూసుకుంటూ కాస్త ఇంగ్లీషు పట్టేశాను. డాక్టరు గారిదీ ముక్కల ఇంగ్లీషే. కూలీల క్యాంపుల నుంచి వచ్చే మనవాళ్లకి ఆ ముక్కలు కూడా రావు. ఒక శుక్రవారం మాపు కర్ర గోడకి ఆనించి ఎవరి బాధో రెండు మాటల్లో డాక్టరు గారికి ఇంగ్లీషులో చెప్పిపెట్టాను. ఆ రోజు నుంచి నా నోరు కూడా డ్యూటీలో చేరింది.

క్లినిక్కుకి ఒక పేరుంది. మగవాళ్ల కింది భాగం బాధలు ఆయన దగ్గర నయమవుతాయని. గజ్జల్లో లాగడం, వాపు, పెళ్లాం దగ్గర చేతకాకపోవడం, అన్నీ వచ్చేవి. వచ్చినవాళ్లు మాత్రం కాళ్లు దగ్గరపెట్టుకుని కూర్చుని నడుం నొప్పి అనేవారు. నడుం నొప్పికి కర్జకాన్ క్యాంపు నుంచి టాక్సీ కట్టుకుని ఇంతదూరం ఎవరొస్తారు బాబూ అని నేను ఆటపట్టిస్తే నవ్వి, అప్పుడు నేల చూస్తూ అసలు సంగతి చెప్పేవారు.

డాక్టరు గారు నాలుక చూసేవారు. రెండు చేతుల నాడి చాలాసేపు పట్టుకునేవారు. గోడమీద మనిషి బొమ్మ ఉండేది, ఒళ్లంతా గీతలతో. ఒక గీత కాలి బొటనవేలి దగ్గర మొదలై తొడ లోపలి వైపుగా పైకి పోయి, మర్మస్థానం చుట్టూ తిరిగి, కాలేయానికి చేరుతుంది. ఆ దారిలో చలి బిగుసుకుంటే కింద నొప్పి పుడుతుందని ఆయన లెక్క. అందుకే బాధ ఎక్కడో ఉంటే సూది బొటనవేలికి పెట్టేవారు. బొడ్డు కింద ఏదో ఆకుచుట్ట వెలిగించి సెగ చూపించేవారు. కాచుకుని తాగడానికి పొట్లాలు ఇచ్చేవారు. అందులో నారింజ గింజలు, సోంపు ఉండేవి. ఆ సోంపు వాసనకి మందంటే నాకు నమ్మకం కుదిరింది. చాలామందికి తగ్గడం కూడా కళ్లారా చూశాను. అది కాదనను.

బొమ్మలో ఆ భాగం కనిపించకుండా నేనొక క్యాలెండరు తగిలించాను. డాక్టరు గారు తీసేవారు, నేను మళ్లీ తగిలించేదాన్ని.

నేనుండే ఫ్లాటులో మా వైపు ఆడవాళ్లం నలుగురం. ఊళ్లో మా ఇంటికి మాత్రం రిసెప్షన్‌లో పని అని చెప్పుకున్నాను. ఒకరోజు కూరగాయలు తరుగుతుంటే వాళ్లలో ఒకావిడ, మగాళ్ల రోగాలన్నీ నోటితో పలికి తెచ్చిన జీతం ఎలా మింగుడు పడుతుందో అంది. నన్నే అంది. మిగతా ఇద్దరూ తల దించుకుని నవ్వారు. నాకు ఒళ్లు మండింది. కానీ ఆ మంటని ఆవిడ మీద చూపించలేకపోయాను. ఇకమీదట ఆ మాటలు పలకకూడదు, ఎవరేం చెప్పినా కడుపు కింద నొప్పి అని తేల్చేయాలి అని నిర్ణయించుకున్నాను. డాక్టరు గారు నాడి పట్టుకుని ఎలాగూ తెలుసుకుంటారులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆ వారమే అతను వచ్చాడు. నిజామాబాద్ వైపు కుర్రాడు, ముప్పై ఉండవు. సెంట్రింగ్ పని, ఉండేది కర్జకాన్ క్యాంపులో. పోయినసారి సెలవులో పెళ్లి చేసుకుని నెల తిరక్కుండా వచ్చేశాడు. అందరిలా నసగలేదు. ఎంతసేపటి నుంచి కూడబలుక్కున్నాడో, కూర్చోగానే చెప్పేశాడు.

"అక్కా, నొప్పేం లేదు. ఎడమ దిక్కు బీజానికి గడ్డ లేసింది. గట్టిగ రాయి లెక్కున్నది. దవాఖానకు పోతె వీసా ఇచ్చిన కఫీల్‌కు తెలుస్తది, అన్‌ఫిట్ అని ఇంటికి తోలుతడు. గందుకే ఈడికొచ్చిన."

నేను డాక్టరు గారి వైపు తిరిగి, కడుపు కింద, ఎడమ పక్క నొప్పి అన్నాను. కిందికి లాగుతోందా అని ఆయన అడిగారు. అతన్ని అడక్కుండానే ఔనన్నాను. వాపుగానీ గడ్డగానీ ఉందా అని అడిగారు. ఉందంటే ప్యాంటు విప్పమంటారు, ఇంకా నాలుగు ప్రశ్నలు వేస్తారు, అవన్నీ నా నోటితోనే అడగాలి. లేదన్నాను.

బొటనవేలికి సూది పడింది. అతను కళ్లు మూసుకుని పడుకున్నాడు. అన్నీ చెప్పేశానన్న నిశ్చింత మొహంలో తెలుస్తోంది. డాక్టర్ ఏమన్నడక్కా అంటే, తగ్గిపోతుందట అన్నాను. ఆ మాట అని వెళ్లి సోంపు పొట్లం కట్టాను.

రెండో శుక్రవారం వచ్చాడు. మూడో శుక్రవారం సూదులు తీయించుకుని బయటికి వచ్చాక నెమ్మదిగా చెప్పాడు, తగ్గలేదట, పెద్దదయిందట. అప్పుడే లోపలికి వెళ్లి డాక్టరు గారికి చెప్పాల్సింది. తలుపు దాకా వెళ్లాను కూడా. మూడు వారాలు అబద్ధం ఆడావా అంటే ఏం చెప్పను? ఉద్యోగం పోతే? వచ్చేవారం చూద్దాం అని వెనక్కి వచ్చేశాను.

ఆ తర్వాతి శుక్రవారం అతను రాలేదు. తలుపు చప్పుడైనప్పుడల్లా చూశాను. ఫోన్ చేస్తే మోగి ఆగిపోతోంది. పన్నెండున్నరకి ఆఖరి పేషెంటు వెళ్లిపోయాడు. డాక్టరు గారు టీ పోసుకుంటున్నారు. నా కాళ్లు వాటంతటవే వెళ్లి ఆయన ముందు నిలబడ్డాయి. ఉన్నదంతా చెప్పేశాను, బీజం అన్న మాటతో సహా, నొప్పి లేదన్న మాటతో సహా.

ఆయన కప్పు కింద పెట్టారు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. గట్టిగా ఉండి నొప్పి లేనిది నా సూదులకి సంబంధించింది కాదు, ఈరోజే ఆసుపత్రికి పంపు అన్నారు. తర్వాత లేచి, గోడమీది క్యాలెండరు తీసి నా చేతిలో పెట్టారు.

కర్జకాన్ దాకా టాక్సీలో దారంతా ఫోన్ చేస్తూనే ఉన్నాను. మగవాళ్లుండే గదుల ముందు ఆడదాన్ని నేనొక్కదాన్నే దిగాను. నీడలో కూర్చున్నవాళ్లంతా పేకముక్కలు ఆపి చూశారు. అతను లోపల్నుంచి వచ్చి, ఓవర్‌టైం చేసొచ్చి పండుకున్న అక్కా, ఫోన్ సైలెంట్ల ఉండె అన్నాడు. బతికి కళ్లముందున్నాడని ఏడుపొచ్చింది. ఆసుపత్రికి వెళ్దాం పద అంటే కఫీల్ సంగతి ఎత్తాడు. అందరి ముందూ గట్టిగా చెప్పాను, నీ బీజంలో గడ్డ చెడ్డదై ఉండొచ్చు, కఫీల్ తర్వాత, ముందు నువ్వు ఉండాలి అని. ఒక్కరూ నవ్వలేదు. వాళ్లలో పెద్దాయన ఒకరు లేచి అతని చొక్కా తెచ్చిచ్చాడు.

ఆసుపత్రిలో స్కాను, రక్తపరీక్ష, మళ్లీ ఇంకో స్కాను. నాలుగు రోజులు నేను తిన్నది అన్నమో మన్నో తెలియలేదు. ఐదో రోజు అతను తోడు రమ్మంటే వెళ్లాను. అక్కడి డాక్టరు హిందీలో విడమరిచి చెప్పాడు. చెడ్డ గడ్డే. ఆ బీజం తీసేయాలి. రెండోది బాగానే ఉంది, పిల్లలు పుట్టే అవకాశం ఉంది, భయపడొద్దు అన్నాడు. ఆ పైన కాగితాలు సర్దుకుంటూ, ఈ గడ్డలకి ప్రతి వారమూ లెక్కే, తెలిసినప్పుడే ఎందుకు చెప్పలేదు అన్నాడు.

"తప్పు నాదే సార్," అన్నాడు అతను. "షరమైంది."

బయట కుర్చీల్లో కూర్చున్నాం. అతను చేతుల్లోకి చూసుకుంటున్నాడు. నేను ఊరుకుంటే ఆ మాట అలాగే నిలబడిపోతుంది, ఎవరికీ ఎప్పటికీ తెలియదు. ఎంత భయమేసిందో చెప్పలేను.

"నువ్వు చెప్పావు తమ్ముడూ," అన్నాను. "మొదటిరోజే అంతా చెప్పావు. నేనే సిగ్గుపడి డాక్టరు గారికి చెప్పలేదు. గడ్డ లేదన్నాను."

అతను నా మొహంలోకి చూశాడు. ఎదురుగా బల్ల మీద ఎవరో పాప బిస్కెట్లు తింటోంది, దాన్నే చూస్తూ కూర్చున్నాడు. కొడితే పడదామని ఉంది నాకు. చివరికి జేబులోంచి ఫోన్ తీసి, పెళ్లాం నంబరు నొక్కి, నాకు అందించాడు.

"నాతోటి అయితలేదు అక్కా. మా ఇంటిదానికి నువ్వే చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పాలె."

అవతల ఆ అమ్మాయి హలో అంది. నేనెవరో ముందు చెప్పాను. తర్వాత గడ్డ ఎక్కడ లేచిందో, ఏది తీసేస్తారో, ఏది ఉంటుందో చెప్పాను. ఎన్ని వారాలు ఎవరి వల్ల పోయాయో కూడా చెప్పాను. అతను పక్కన కూర్చుని ప్రతి మాటా వింటూ తల ఊపుతున్నాడు.