పొగ తగలని మందారం

సోములమ్మ పెద్దమ్మ పెరటికి మూడు వైపులా మందార కంచె. కాపురానికి వచ్చిన కొత్తలో తనే కొమ్మలు తెచ్చి నాటిందట. అరకు రోడ్డు మా ఊరి పక్కనుంచే పోతుంది. మబ్బులు చూడటానికి వచ్చే టూరిస్టుల కోసం ఆమె కొడుకు ఫల్గుణ ఒక టెంటు కొని పెరట్లో వేశాడు. ఇంకా టెంట్లు వేయాలంటే కంచె కొట్టెయ్యాలన్నాడు.

"ఉత్త పువ్వులే కదమ్మా. ఏటికి పనికొత్తాయి?"

"టీకి పనికొత్తాయి. అరకు కొట్లల్లో ఎండు మందారం పొట్లాలు అమ్ముతన్నారు, సూళ్లేదేటి? నీ టూరిస్టులకి నేను కాసిత్తాను. తాగితే కంచె ఉంటాది."

"తాగకపోతే?"

"కొట్టుకో."

పక్కింట్లో ఉండే నేను కూడా పూలు కోసి, రేకలు విడదీశాను. వాన వదల్లేదు. వానాకాలం మా ఇళ్లలో మొక్కజొన్న పొత్తులైనా, విత్తనాలైనా పొయ్యి మీది అటక ఎక్కాల్సిందే. రేకలూ అక్కడికే ఎక్కాయి. కరకరలాడేలా ఎండాయి. పొగ మా ముక్కులకు పుట్టినప్పటినుంచీ అలవాటే, ఇద్దరికీ వాసన తెలియలేదు.

ఆ ఆదివారం విశాఖ నుంచి వచ్చిన దంపతులకు పెద్దమ్మ టీ ఇచ్చింది. భార్య ఒక గుక్క తాగి కప్పు కింద పెట్టింది.

"ఏమీ అనుకోకండి ఆంటీ, బాగా పొగ వాసనొస్తోంది."

"కాల్చిన కట్టెల టీ," అని భర్త నవ్వాడు.

ఫల్గుణ నవ్వలేదు. మర్నాడు కత్తి నూరుకుని ఒక వైపు కంచె కొట్టేశాడు. పెద్దమ్మ అడ్డుపడలేదు. పడిపోయిన కొమ్మల మీది పూలు కోసుకుంది.

"మిగిలింది శనివారం దాకా ఉంచరా," అని మాత్రం అంది.

ఆ మధ్యాహ్నం ఎండ కాసింది. టెంటు ఊడవడానికి లోపలికి వెళ్లిన పెద్దమ్మ చెమటతో బయటికొచ్చింది. కాసేపు నిలబడి దాన్నే చూసింది. తర్వాత చాప తెచ్చి లోపల పరిచి, రేకలు పలచగా ఆరబోసి, గాలి ఆడేలా గుడ్డ తలుపు కొంచెం తెరిచి ఉంచింది.

ఫల్గుణ తొంగి చూశాడు. "అమ్మా, ఏటి సేత్తన్నావు? మడుసులు పడుకోడానికి కొన్నాను గదే!"

"మడుసులు శనివారం గదా వొత్తారు. అందాకా పువ్వుల్ని పడుకోనీ. మనకి పొగ లేని ఇల్లు ఇదొక్కటే."

శనివారం వచ్చినవాళ్లకు టీ ఎర్రగా దిగింది. నిమ్మకాయ పిండుకుని తాగారు. ఒకావిడ ఇంకో కప్పు అడిగింది. ఫల్గుణే లోపలికి వచ్చి, "బేగి ఇంకో కప్పు పొయ్యమ్మా," అన్నాడు.

కొట్టేసిన వైపు రెండో టెంటు వచ్చింది. మిగతా రెండు వైపులా కంచె ఉంది. టూరిస్టులు లేని రోజుల్లో టెంట్లలో రేకలు ఎండుతాయి.

అటక మీది పాత రేకల్ని పెద్దమ్మ పారెయ్యలేదు. తనకి మాత్రం వాటితోనే కాచుకుంటుంది.