మాచర్ల సత్రంలో నోట రాని పేరు

మా చిన్నప్పుడు మాచర్లలో రాత్రి ఆగాల్సి వస్తే లాడ్జీలూ గదులూ ఎక్కడివి... ఎవరో షావుకారు కట్టించిన సత్రమే అందరికీ దిక్కు. నాపరాళ్ళ కప్పు, నాపరాళ్ళ నేల. బియ్యం మనవే, చాప మనదే. పెరట్లో మూడు రాళ్ళ పొయ్యిలు వరసగా ఉండేవి. ఎవరి పొయ్యి వాళ్ళది, పొగ మాత్రం అందరిదీ.

నాకప్పుడు ఎనిమిదేళ్ళు. మాచర్ల దగ్గర పల్లెలో అమ్మమ్మను చూసి సత్తెనపల్లి తిరిగి వెళ్తూ, పొద్దుటి రైలు కోసం ముందురోజే వచ్చి సత్రంలో దిగాం. నాన్న మగవాళ్ళ వైపు అరుగు మీద, అమ్మా నేనూ ఆడవాళ్ళ సావిట్లో. అమ్మకి ఏం కావాలన్నా నాన్నకి కబురు మోసేది నేనే... "మీ నాన్నను పిలవ్వే" అనడమే తప్ప, నాన్న పేరు అమ్మ నోట ఏనాడూ వినలేదు. మొగుడి పేరు పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని ఆ కాలం ఆడవాళ్ళకి గట్టి నమ్మకం.

మా పక్క చాప మీద ఒక నిండు చూలాలు ఉంది. పేరు ఎల్లమ్మ. కృష్ణ అవతల నైజాం వైపు మనిషి. అక్కడ గొడవలని మొగుడూ పెళ్ళాం ఊరు వదిలి వచ్చారు. ఆమెను సత్రంలో దించి, వెనక ఉండిపోయిన తన తల్లిని తేవడానికి ఆయన మళ్ళీ ఏటికి వెళ్ళాడు. వానాకాలం... ఏరు నిండుగా ఉంది. ఆమె అన్నం వండి, ఆయనకని తీసి మూత పెట్టి, వీధి వైపే చూస్తూ కూర్చుంది. నాకు గుప్పెడు వేరుశనక్కాయలు కూడా పెట్టింది.

మధ్యాహ్నం దాటాక జట్కా తోలే మస్తాన్ సాయిబు వచ్చాడు. రేవు దగ్గర జనాన్ని ఏరు దాటించే పుట్టి బోల్తా పడిందట. ఒడ్డుకి లాగినవాళ్ళ కోసం ఆస్పత్రి కాంపౌండరును తీసుకుపోతూ, ఏటికి పోయినవాళ్ళ తాలూకు ఎవరన్నా ఉన్నారా అని సత్రం ముందు ఆపాడు.

ఎల్లమ్మ గోడ పట్టుకుని లేచింది. కొందరు తేరుకున్నారనీ, ఒకాయనకి మాత్రం ఊపిరి ఉంది గానీ కళ్ళు తెరవడం లేదనీ, ఆయనెవరో అక్కడ ఎవరికీ తెలియదనీ సాయిబు చెప్పాడు.

"మీ ఆయన పేరేందమ్మా? చెవిలో పేరెట్టి పిలిస్తే పలుకుద్దేమో ఆ ప్రాణం."

ఆమె తానూ వస్తానంది. ఆ రాళ్ళదారిలో జట్కా కుదుపుకి మధ్యలోనే కాన్పవుతుందని కాంపౌండరు ఎక్కించుకోలేదు. పోనీ పేరు చెప్పమంటే మాత్రం తల అడ్డంగా ఊపింది.

ఆఖరికి నుదుటి మీద మూడు వేళ్ళతో అడ్డంగా గీసి చూపించింది. శివుడి పేరన్నమాట. ఇక సావిట్లో ఆడవాళ్ళంతా అందుకున్నారు... శివయ్యా? కాదు. వీరయ్యా? కాదు. మా వైపు ఇంటికొక కోటయ్య ఉంటాడు కాబట్టి అమ్మ కోటయ్యా అంది. కాదు. మల్లయ్యా కాదు. పెళ్ళిళ్ళలో కొత్త జంటను గడప దగ్గర ఆపి పేర్లు చెప్పించే సరదాలా అనిపించి నేను కిసుక్కున నవ్వాను. అమ్మ నెత్తిన ఒక్కటి మొట్టింది.

కాంపౌండరు విసుక్కున్నాడు. గుర్రం కదిలింది. అప్పుడు అమ్మ ఆమె రెండు భుజాలూ పట్టుకుంది.

"మనిషి ఉంటే గదటే ఆయుష్షు? పెళ్ళిలో గడప కాడ చెప్పావుగా, అదే మళ్ళీ చెప్పు."

"గప్పుడు ఆయన పక్కనుండె గదక్కా... ఇప్పుడెట్ల తియ్యాలె పేరు?"

అమ్మ వదల్లేదు. చెప్పు, చెప్పు అంటూ వీధి అరుగు దాకా నడిపించింది. జట్కా మలుపు తిరగబోతోంది. ఎల్లమ్మ నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసి అరిచింది.

"లింగయ్యా..."

సాయిబుకి చెప్పినట్టు లేదు, ఆయన్నే పిలిచినట్టుంది. సాయిబు వెనక్కి తిరక్కుండానే కొరడా చెయ్యి పైకెత్తాడు, విన్నానన్నట్టు. ఆమె అరుగు మీద కూలబడి తన నోటి మీద తానే కొట్టుకుంది. అమ్మ ఆ చేతులు పట్టుకుని తనూ ఏడ్చింది.

తెల్లారి మా రైలు వేళకి కూడా ఏ కబురూ రాలేదు. ఉందామని అమ్మ అంది, నాన్న ససేమిరా అన్నారు. ఎల్లమ్మను సత్రం చూసుకునే అవ్వకు అప్పజెప్పి బయల్దేరాం. పిడుగురాళ్ళ దాటాక అమ్మ నాన్న వైపు జరిగింది. ఆ పిల్ల చేత పేరు చెప్పించి పాపం మూటగట్టుకున్నానా అని నాన్నను అడిగింది.

చాలా ఏళ్ళ తర్వాత నాన్న స్పృహ లేకుండా మంచాన పడ్డారు. పేరు పెట్టి పిలిచి చూడమ్మా అని డాక్టరు అమ్మతో అన్నాడు. అమ్మ నా వైపు తిరిగింది.

"లింగయ్య పలికాడంటావా?"

అన్నేళ్ళూ ఆ ఊసే ఎత్తని మనిషి... పలికే ఉంటాడమ్మా అన్నాను. అప్పుడు వంగి, నాన్న చెవిలో మొదటిసారి పేరు పెట్టి పిలిచింది. నాన్న పలకలేదు.

ఇప్పుడు ఏ ఊరెళ్ళినా లాడ్జి గదికి గడియ పెట్టుకుంటే పక్క గదిలో ఎవరున్నారో తెలియదు. అదే నయమనిపిస్తుంది నాకు ఒక్కోసారి. మా మనవరాలైతే మొగుణ్ణి పొద్దస్తమానం పేరు పెట్టే పిలుస్తుంది. తప్పని నేనేం అనను... కానీ ఆ అబ్బాయి లోపలి నుంచి "ఆఁ" అనేదాకా నా ఊపిరి ఆడదు.

మాచర్ల వైపు వాళ్ళూ, ఏటి అవతలి వాళ్ళూ ఎవరైనా ఇది చదువుతుంటే... మీ ఇళ్ళలో లింగయ్య అనే తాతో ముత్తాతో ఉండి, పుట్టి మునిగిన రోజున ఎవరో చెవిలో పిలిస్తే కళ్ళు తెరిచానని చెప్పుకునేవాడా? కింద ఒక్క మాట రాయండి. పలికాడని రాయండి, చాలు.