మండలి సభ్యురాలి పిన్

ఆమెకు సీటు వచ్చిందని నాకు ఎవరూ ఫోన్ చేసి చెప్పలేదు. వాట్సాప్ గ్రూపులో ఫొటో వచ్చింది, అంతే. జనానికి డబ్బు వ్యవహారాలు, బ్యాంకు పనులు నేర్పించడానికి ఢిల్లీ రాష్ట్రంలో కొత్తగా ఆర్థిక అక్షరాస్యతా మండలి అని ఒకటి ఏర్పాటు చేశారు. అందులో సైనిక కుటుంబాల తరఫున సభ్యురాలు ఆమె. ఫొటోలో పొడవాటి బల్ల, బల్ల మీద నీళ్ళ సీసాలు, ఒక సీసా వెనక ఆమె నవ్వు ముఖం. కట్టుకున్నది కనకాంబరం రంగు పట్టుచీర. ఆ చీర కరోల్‌బాగ్‌లో దుకాణమంతా తిప్పించి నేనే కొనిపించాను. గ్రూపులో అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. నేనూ పెట్టాను. పెట్టి, ఫోను బోర్లా పడేసి, పొయ్యి మీద పోపు మాడి వాసన వచ్చేదాకా అలాగే నిలబడ్డాను.

అసూయ అనే పెద్ద మాట ఎందుకు, కుళ్ళు అంటే సరిపోతుంది. నాకు కుళ్ళుగా ఉంది. ఇప్పటికీ ఉంది.

మాది అనంతపురం వైపు. మా ఆయన సైన్యంలో సుబేదారుగా చేసి రిటైరయ్యారు. పెళ్ళికి ముందు నేను కొన్నాళ్ళు బ్యాంకులో పనిచేశాను. ఆ అనుభవంతోనే, మేము ఢిల్లీ కంటోన్మెంటు క్వార్టర్లలో ఉన్నప్పుడు, జవాన్ల భార్యల కోసం శనివారం క్లాసు మొదలుపెట్టాను. ఏటీఎం కార్డు ఎలా వాడాలి, ఖాతాలో నామినీ పేరు ఎందుకు రాయించాలి, లాటరీ తగిలిందని ఎవడో ఫోన్ చేస్తే ఏమనాలి, ఇవన్నీ చెప్పేదాన్ని. తెలుగువాళ్ళకు తెలుగులో, మిగతావాళ్ళకు నాకొచ్చిన హిందీలో. రిటైరై, ఢిల్లీలోనే జనక్‌పురికి వచ్చేశాక కూడా మానలేదు, మెట్రో ఎక్కి వెళ్ళి మరీ చెప్పాను. జీతం లేదు. ఒక చాయ్, రెండు బిస్కట్లు ఇచ్చేవాళ్ళు.

ఆమె శ్రీకాకుళం వైపు మనిషి, నాకంటే చిన్నది. పరిచయమైనప్పుడు వాళ్ళాయన హవల్దారు. క్లాసు జరిగే హాల్లో పదిమందిలో ఉన్నప్పుడు నన్ను మేమ్‌సాబ్ అనేది, ఇంటికొస్తే అక్కా అనేది. ఆమెను మొదటిసారి ఏటీఎం దగ్గరికి తీసుకెళ్ళింది నేనే. మిషను నోట్లు బయటికి తోయగానే ఆమె వాటిని కళ్ళకద్దుకుని మిషనుకు దణ్ణం పెట్టింది. వెనక క్యూలో ఉన్న సిక్కు పెద్దాయన కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆ మనిషి ఇవాళ రాష్ట్ర మండలి సభ్యురాలు.

కంటోన్మెంటు ఎరగనివాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. అక్కడ ఆడవాళ్ళకు కూడా ర్యాంకు ఉంటుంది. అది మొగుడి భుజం మీద నుంచి వస్తుంది. హాల్లో ముందు వరసలో ఒక సోఫా వేస్తారు. వచ్చినవాళ్ళలో ఎవరి భర్త పెద్ద హోదాలో ఉంటే ఆ ఇల్లాలు అందులో కూర్చుంటుంది. మిగతావాళ్ళకు ప్లాస్టిక్ కుర్చీలు, అవి కూడా వరస ప్రకారమే. సోఫాలో ఉన్నావిడ సమోసా ముట్టుకునేదాకా వెనక ఎవరూ ముట్టుకోరు. ఆవిడ నవ్వితే నవ్వుతారు. చెయ్యెత్తమంటే ముందు ఆవిడ వైపు చూస్తారు. ఇలా చేయాలని ఎవరూ చెప్పరు, వచ్చిన వారంలో అలవాటైపోతుంది. నేనూ కొన్నేళ్ళు ఆ సోఫాలో కూర్చున్నాను. అబద్ధం ఎందుకు, చాలా బాగుండేది.

మా ఆయన రిటైరయ్యారు. వాళ్ళాయన ఒక్కో మెట్టే ఎక్కి సుబేదార్ మేజర్ అయ్యారు. సోఫా ఆమెకు వెళ్ళిపోయింది. నాకు బోర్డు పక్కన నిలబడే చోటు మిగిలింది.

మండలిలో మా తరఫున ఒకరిని తీసుకుంటారని తెలిసినప్పుడు మా హాలు నుంచి రెండు పేర్లు వెళ్ళాయి. క్లాసు చెప్పేది నేను కాబట్టి నా పేరు, సోఫాలో కూర్చునేది ఆమె కాబట్టి ఆమె పేరు. ఆ సీటు నాకు ఎంత కావాలనిపించిందో చెప్పుకోవడానికి సిగ్గుపడను. మండలిలో ప్రతి కుర్చీ ముందు పేరు రాసిన పలక పెడతారట. క్యాంటీన్ కార్డు మీద, ఆసుపత్రి పుస్తకం మీద, క్వార్టరు తలుపు మీద నేను ఎప్పుడూ సుబేదార్ సాబ్ భార్యనే. ఒక్క పలక మీద, ఒక్కసారి, పక్కన ఆయన హోదా లేకుండా నా పేరు చూసుకోవాలని నా కోరిక. దానికోసం కొత్త కళ్ళజోడు కూడా కొనుక్కున్నాను.

ఎవరిని తీసుకోవాలో తేల్చుకోవడానికి ఒక శనివారం మండలి నుంచి అధికారి మేడం ఒకావిడ మా క్లాసుకు వచ్చింది. ఆ రోజు పాఠం నేను ఎప్పుడూ చెప్పనంత బాగా చెప్పాను. మేడం తల ఊపుతూ వింది. అయిపోయాక లేచి, హాలు మొత్తాన్ని చూస్తూ హిందీలో ఒక ప్రశ్న అడిగింది.

"ఫోన్లో డబ్బు పంపడానికి పిన్ పెట్టుకుంటారు కదా. మీకు తప్ప ఇంకెవరికీ తెలియని పిన్ మీలో ఎంతమందికి ఉంది? భర్తకు కూడా తెలియకూడదు. చేతులెత్తండి."

అందరికంటే ముందు నా చెయ్యే లేచింది. నేర్పేదాన్ని కదా, దానంతటదే లేచింది. భుజం దాటాక గుర్తొచ్చింది, నా పిన్ మా ఆయన ఆర్మీ నంబరులో చివరి అంకెలు.

సైనికుల భార్యలకు మొగుడి ఆర్మీ నంబరు నిద్రలో లేపి అడిగినా వస్తుంది. క్యాంటీన్ సరుకులకు అదే, పిల్లాడి జ్వరం మందులకు అదే, రైలు టికెట్టు రాయితీకి అదే. పిన్ పెట్టమని ఫోను అడిగితే వేళ్ళు వాటంతటవే ఆ అంకెల మీదికి వెళ్తాయి. పుట్టినరోజు పెట్టుకోకండి, పెళ్ళిరోజు పెట్టుకోకండి అని ప్రతి క్లాసులో చెప్పేదాన్ని. ఎవరూ పెట్టుకోలేదు కూడా. ఆర్మీ నంబరు పెట్టుకోకండి అని చెప్పాలని మాత్రం ఇన్నేళ్ళలో నాకు తట్టనే లేదు.

లేచిన చెయ్యిని కళ్ళజోడు సర్దుకుంటున్నట్టు ముఖం మీదికి తెచ్చేశాను. ఈలోపు సోఫాలో ఆమె చెయ్యి లేచింది. ఆమె చెయ్యి చూసి వెనక ఉన్న చేతులన్నీ లేచాయి. మేడం ముఖం వెలిగిపోయింది. నా వైపు తిరిగి, "మీది?" అంది.

"మా ఆయనకు తెలుసు మేడం" అన్నాను.

"అచ్ఛా" అని మేడం ఏదో రాసుకుంది. ఆ అచ్ఛాతోనే నా సీటు పోయిందని నాకు అర్థమైంది.

ఆ తర్వాత ఫొటో, చప్పట్ల బొమ్మలు, మాడిన పోపు. ఆమె పిన్ కూడా వాళ్ళాయనకు తెలిసిందే అయ్యుంటుందని నాకు గట్టి నమ్మకం, అందుకే ఒళ్ళు మండిపోయింది. నిజం చెప్పిన నోటికి ఏమీ దక్కలేదు, అబద్ధానికి ఎత్తిన చేతికి కుర్చీ దక్కింది. ఇదే మాట మా ఆయనతో అన్నం దగ్గర అన్నాను, చాయ్ దగ్గర అన్నాను, పార్కులో నడుస్తూ అన్నాను. ఆయన "పోనీలేవే, మనవాళ్ళకే కదా వచ్చింది" అన్నారు. మనవాళ్ళకు రావడమే కదా నా బాధ. ముక్కూ ముఖం తెలియని మనిషికి వచ్చుంటే నిద్ర పట్టేది.

ఆ ఫొటోను వేళ్ళతో పెద్దది చేసి చూశాను, పలక మీద సుబేదార్ మేజర్ భార్య అని రాశారేమోనని. లేదు. ఆమె పేరు ఒక్కటే ఉంది. మళ్ళీ చూశాను, మళ్ళీ అదే. మోకాలు నొప్పి అని చెప్పి శనివారం క్లాసుకు వెళ్ళడం మానేశాను. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి విడిగా అడిగి చూడండి మేడం, అని అధికారి మేడంకు పంపడానికి ఫోన్లో మెసేజీ కూడా టైపు చేసి పెట్టుకున్నాను. పంపడానికి ధైర్యం రాలేదు, చెరిపేయడానికి మనసు రాలేదు.

అలాంటి ఒక ఉదయం ఆమె జనక్‌పురి వచ్చింది, చేతిలో మిల్క్ కేక్ డబ్బాతో. తలుపు మా ఆయన తీశారు. నేను స్టూలు మీద నిలబడి అటక దులుపుతున్నాను.

"ఏటక్కా, మోకాలు నొప్పన్నావట" అంది ఆమె కింద నుంచి చూస్తూ.

"ఇప్పుడే తగ్గింది" అన్నాను.

మా ఆయన నవ్వాపుకుంటూ ముందు గదిలోకి వెళ్ళిపోయారు. ఆమె వంటింట్లోకి వచ్చి, ఎప్పటిలాగే గట్టు పక్కన కూర్చుంది.

"నువ్వు నామీద కోపంగున్నావని నాకు తెల్సు. ఆ రోజు చెయ్యెందుకెత్తానో అడగవేం?"

"ఎందుకెత్తినావు?"

"నీ చెయ్యి లేచింది కదా. నువ్వెత్తితే ఎత్తడం నాకు హవల్దారు క్వార్టర్ల కాడ్నించి అలవాటు. సోఫా మారిందని అలవాటు మారుతాదేటి? తీరా చూస్తే నీ చెయ్యి దిగిపోనాది. నా యెనకాల అందరివీ లేచిపోనాయి. ఇంకెలా దించుతాను?"

"నీ పిన్?"

"ఆయనే పెట్టారు. ఆర్మీ నంబరు." మిల్క్ కేక్ డబ్బా గట్టు మీదికి జరిపి అంది, "ఎల్లుండి మీటింగుంది. అబద్దం కడుపులో పెట్టుకోని ఆ కుర్చీలో ఎలా కూకోమంటావు? ముందు అక్కడ ఈ మాట చెప్పేస్తాను. సీటుంటే ఉంటాది, పోతే పోతాది. చెప్పే ముందు నా పిన్ నేను మార్చుకోవాల. నేర్పక్కా."

ఇక్కడితో నా కుళ్ళు చచ్చిపోవాలి. చావలేదు. ఇన్నాళ్ళూ ఆమె అబద్ధం చెప్పిందన్న ఒక్క ఆధారం పట్టుకుని వేలాడుతున్నాను, అదీ పోయింది. నేను చెప్పిన నిజం కంటే ఆమె చెప్పబోయే నిజం పెద్దది. దాని మీద కూడా కడుపు మండింది.

అయినా నేర్పాను. ఎక్కడ నొక్కాలో చూపించాను. పాత పిన్ కొట్టించాను. "ఇప్పుడు కొత్తది. మీ ఆయన నంబరు వద్దు, పిల్లల పుట్టినరోజులు వద్దు" అన్నాను.

ఆమె చాలాసేపు ఆలోచించింది. తర్వాత ఫోను పమిట కిందికి తీసుకుని, "అటు తిరుగక్కా" అంది.

పక్కన ఎవరున్నా, సొంత అక్క అయినా, చూడనివ్వకండి అని చెప్పింది నేనే. అన్నేళ్ళలో ఒక్కరు కూడా నా ఎదుట అలా చేయలేదు. నేను గోడ వైపు తిరిగి, గ్యాసువాడు ఇచ్చిన క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను. వెనక ఆమె వేలి గోరు ఫోను అద్దం మీద తగిలిన చప్పుడు వినిపించింది. ఆ అంకెలేవో తెలుసుకోవాలని నాకు ప్రాణం కొట్టుకుపోయింది.

"అయిపోనాది" అంది.

అప్పుడే బెల్ మోగింది. సిలిండరు వచ్చింది. మా ఆయన వంటింట్లోకి వచ్చి, గట్టు మీదున్న నా ఫోను తీసుకున్నారు. ఆయన ఫోను ముందు గదిలో చార్జింగులో ఉంది. సిలిండరు తెచ్చిన కుర్రాడితో గుమ్మం దాకా నడుస్తూ, అతన్ని "భయ్యా, పైసలు వచ్చాయా చూసుకో" అని హిందీలో అడుగుతూ, తెర వైపు సరిగా చూడకుండానే నా పిన్ కొట్టారు. డబ్బు వెళ్ళినట్టు ఫోను టింగుమంది.

"నీ ఫోన్లోంచి కట్టేశానే" అని దాన్ని మళ్ళీ గట్టు మీద పెట్టి వెళ్ళిపోయారు.

ఆమె నా ఫోను వైపు చూసింది, నా వైపు చూసింది. తన ఫోను పర్సులో పెట్టుకుని జిప్పు లాగింది. నేను చాయ్‌కి నీళ్ళు పెట్టాను. ఎల్లుండి ఆమె సీటు ఉంటుందో ఊడుతుందో నాకు తెలియదు, ఆ నిమిషంలో అక్కర్లేదు కూడా. నాకు కావలసింది, మొగుడికి కూడా తెలియని పిన్, ఆ పర్సులో ఉంది, దాన్ని ఆమె నాకంటే ముందు సంపాదించుకుంది.