గోడవైపు తిరిగిన బెంచీ

పొద్దున్నే మా సలహా కేంద్రం ఊడ్చే ఆమె ఇనుప బెంచీని ఈడుస్తుంటే నేల కీచుమంటుంది. ఆ చప్పుడుకి నా పళ్లు జివ్వుమంటాయి. ఆమె రోజూ బెంచీని పద్ధతిగా గుమ్మానికి ఎదురుగా వేస్తుంది. నేను రోజూ దాన్ని గోడవైపు తిప్పుతాను. ఆమె లెక్కలో నాకు కాస్త తిక్క. ఆ తిక్క అంటించినది సుగుణ మేడమ్.

మేడమ్‌ది వరంగల్. గర్భిణుల ఆరోగ్యం, హెచ్‌ఐవీ మీద పరిశోధన చేయడానికి రాయపూర్ వచ్చారు. ఆవిడని పీడించిన ప్రశ్న ఒక్కటే. హెచ్‌ఐవీ ఉందని తెలిసిన గర్భిణికి వేళకు మందులందితే బిడ్డకు సోకకుండా ఆపే వీలుంది. మరి ఒకసారి వచ్చిన మనిషి రెండోసారి ఎందుకు రాదు? నేనప్పుడు డిగ్రీ అయి ఖాళీగా ఉన్నాను. నాన్న రైల్వే వ్యాగన్ వర్క్‌షాపులో ఫిట్టరు, మేముండేది దాని క్వార్టర్లున్న డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో. ఇంట్లో శ్రీకాకుళం తెలుగు, బళ్లో హిందీ, బజార్లో ఛత్తీస్‌గఢీ. ఈ కేంద్రంలో ఉద్యోగానికి వెళ్తే మేడమ్ అన్నారు: "మూడు భాషలొస్తయి, మంచిదే. మరి నోరు మూసుకునుడు వస్తదా?" పరాచికమనుకుని నవ్వాను.

మొదటి రోజే బెంచీ గోడవైపు ఉండటం చూసి సరిచేయబోయాను. "ఉండనియ్ బిడ్డా. గుమ్మం దిక్కు కూసుంటే వచ్చెటోళ్లు, కూసున్నోళ్లు ఒకల మొఖం ఒకలు చూసుకుంటరు. గోడ ఎవ్వలకు చెప్పదు" అన్నారు. విన్నాను గానీ బుర్రకెక్కలేదు.

ఎక్కించిన మనిషి ఒకామె ఉంది. ఆమె ఆనవాళ్లు మార్చే రాస్తున్నాను. అయిదో నెల. తన ఫలితం మేడమ్ నోట అంతకుముందు వారమే విని, మందుల సంగతి మాట్లాడటానికి వచ్చింది. ముఖానికి చున్నీ చుట్టుకుని, నాతో హిందీలోనే మాట్లాడుతోంది. చున్నీ కాస్త జారేసరికి గుర్తుపట్టాను. మా వెనక వరస క్వార్టర్ల కోడలు! మనవాళ్లు కనబడితే నోరు ఊరుకుంటుందా? సంబరంగా తెలుగులో అనేశాను: "మీరు మన కాలనీయే కదండీ! మీ అత్తగారు మా అమ్మకి బాగా తెలుసు."

ఆమె ముఖంలో రక్తం లేదు. "ముఝే తెలుగు నహీ ఆతీ" అని, తెలుగే రానట్టు లేచి వెళ్లిపోయింది. మందుల చీటీ బెంచీ మీదే ఉండిపోయింది.

మేడమ్ తిడతారనుకున్నాను. తిట్టలేదు, అదే ఎక్కువ బాధించింది. "ప్రేమగనే పలకరించినవ్. గందుకే భయపడ్డది" అన్నారు. ఏడుస్తూ, ఇల్లు తెలుసు, వెళ్లి కాళ్లు పట్టుకుని తీసుకొస్తానన్నాను. "నువ్వు ఆమె ఒక్క ఇంటికే పోతే, ఎందుకొచ్చినవని గల్లీ అంత అడుగుతది." ఆ సాయంత్రం ఆవిడ తన పుస్తకంలో, రాకపోవడానికి కారణాలు అన్న చోట, "మేమే" అని రాసుకోవడం చూశాను.

రెండు రోజులు ఆలోచించి మేడమ్ ఒక దారి కనిపెట్టారు. రాయపూర్ అవతల మందిర్ హసౌద్ ఊళ్లో ప్రతి గురువారం గర్భిణులందరినీ చూస్తానని, అక్కడ తానొక్కతే కూర్చుంటానని కాలనీ అంతా చెప్పి రమ్మన్నారు. "అన్ని ఇండ్లు తిరుగు. ముసలోళ్లున్న ఇల్లు కూడ వదలకు. అందరికి ఒక్క తీరుగ చెప్పు."

మూడు రోజులు వరస వరసా తిరిగాను. కడుపులతో ఉన్నవాళ్లకీ, మనవలున్నవాళ్లకీ, చివరికి ఒక బ్రహ్మచారి గార్డుకీ చెప్పాను. ఆయన నన్ను అనుమానంగా చూశాడు. ఆ కోడలి ఇంటి తలుపూ తట్టాను. తలుపు తీసింది ఆమే. వెనక అత్తగారు బియ్యం ఏరుతోంది. క్షమించమని అడగాలని ప్రాణం కొట్టుకుంది. కళ్లెత్తకుండా, అందరికీ చెప్పిన మాటే చెప్పాను: "గురువారం, మందిర్ హసౌద్, మేడమ్ ఒక్కరే ఉంటారు." పక్క తలుపు కొట్టాను.

తర్వాతి గురువారం గడిచాక, శుక్రవారం మేడమ్‌ని అడిగాను, వచ్చిందా అని. టీ గ్లాసు కింద పెట్టి, "వచ్చినా నీకు తెల్వద్దు, రాకున్నా తెల్వద్దు" అన్నారు. ఆవిడ మీద అంత కోపం ఎన్నడూ రాలేదు. ఆ ఏడే నాన్న రిటైరయ్యారు, క్వార్టరు ఖాళీ చేశాం. ఆ బిడ్డ ఏమైందో అన్న దిగులు మాత్రం నాతోనే వచ్చింది. నా పిల్లలు పుట్టినప్పుడు కూడా ముందు గుర్తొచ్చింది అదే. కిందటేడు మేడమ్ పోయారు. అడగడానికి ఇక మనిషి కూడా లేదు.

మొన్న వానలప్పుడు మందిర్ హసౌద్ సంతకి మా ఆయనతో వెళ్లాను. ఆయన టమాటాలు బేరమాడుతుంటే, ఎదురుగా ఆ కోడలు. చటుక్కున తల తిప్పి వంకాయల మీద వంగాను. చెప్పుల చప్పుడు నా పక్కనే ఆగింది.

"ఏటమ్మా, సూసీ సూడనట్టు ఎల్పోతావేటి?"

తెలుగులోనే అడిగింది. అటు పానీపూరీ, అదే మా గుప్‌చుప్ బండి దగ్గర, కారానికి ముక్కు ఎగబీలుస్తూ ఇంకో గుప్‌చుప్ కోసం దొన్నె చాపుతున్న పదో తరగతి వయసు పిల్లని గడ్డంతో చూపించింది. "అదేనమ్మా. అప్పుడు కడుపులో ఉన్నాది. దానికేటీ అంటలేదు. నానూ మందులేసుకుంతన్నాను, బాగున్నాను." నా చేయి ఒకసారి నొక్కి, పిల్ల దగ్గరికి వెళ్లిపోయింది.

కళ్లు తుడుచుకుంటుంటే మా ఆయన సంచీతో వచ్చారు. "ఎవరావిడ?" అన్నారు.

"ఎవరో," అన్నాను. "దారి అడిగింది."