చెవి మీది పోగులు

సూరత్ లింబాయత్‌లో రాజమల్లు ఉండే సందు ఎంత ఇరుకంటే, ఎదురుగా మోటార్‌సైకిల్ వస్తే నడిచే మనిషి ఎవరో ఒకరి గడపలోకి తప్పుకోవాల్సిందే. ముప్పై ఏళ్లుగా అలా తప్పుకున్నవాడు రాజమల్లే. యూనిఫాం వేసుకుని బయటికి వచ్చిన మొదటిరోజు మాత్రం మోటార్‌సైకిలే ఆగింది. దాని మీది పెద్దమనిషి కాలు కింద పెట్టి, "ఆయియే, ఆయియే" అని మర్యాదగా దారి ఇచ్చాడు. ఎవరిని అంటున్నాడా అని రాజమల్లు వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు.

ఆకాశం రంగు చొక్కా, ముదురు నీలం ప్యాంటు, భుజాల మీద పట్టీలు, మెడలో విజిల్ తాడు, నెత్తిన టోపీ. యాభై రెండేళ్ల వయసులో వచ్చిన వైభోగం. సెక్యూరిటీ ఏజెన్సీవాళ్లు చొక్కా చేతికివ్వగానే అందరూ కొలత చూసుకుంటే, మనవాడు కింది అంచు నుంచి ఒక పోగు లాగి, వేళ్ల మధ్య నలిపి, పురి విప్పి చూశాడు. ఇంటికొచ్చాక భార్య ఊర్మిళకూ అదే చూపించబోయాడు.

"ఉత్త పాలిస్టర్. ఉధ్నా మాలు. పేక పల్చగ కొట్టిన్రు," అన్నాడు.

"తొడుక్కోమని ఇచ్చిన్రు గని తనిఖీ చెయ్యమని ఇయ్యలే," అంది ఊర్మిళ. ఆ మాట అన్నదే గానీ, ఆ రాత్రి చొక్కాను మూడుసార్లు ఇస్త్రీ చేసింది.

అంతకు ముందు ఆయనకు యూనిఫాం లేదా అంటే, ఉంది. ఒక బనీను, మోకాళ్ల దాకా నిక్కరు. సిరిసిల్ల పక్క పల్లె నుంచి ఇరవై రెండేళ్లప్పుడు సూరత్‌కు వచ్చి, పవర్‌లూమ్ కార్ఖానాలో కాలు పెట్టిన రోజు నుంచీ అదే వేషం. పక్కవాడిదీ అదే, ఆ పక్కవాడిదీ అదే. దానికి యూనిఫాం అని ఎవరూ పేరు పెట్టలేదు కాబట్టి దాన్ని చూసి ఎవరూ మోటార్‌సైకిల్ ఆపలేదు.

ఒక్కడే ఆరు మగ్గాలు నడిపేవాడు. పడుగు పోగు ఎక్కడ తెగితే అక్కడికి పరుగెత్తి ముడి వేయాలి. అందుకని నాలుగు అతుకు పోగులు ఎప్పుడూ ఎడమ చెవి మీద వేసుకుని ఉండేవాడు, కొట్టువాడు పెన్సిలు పెట్టుకున్నట్టు. ఇక ఆ మోత సంగతి చెప్పనక్కర్లేదు. నూట ఇరవై మగ్గాలు ఒక్కసారిగా కొట్టుకుంటుంటే అరిచినా పక్కవాడికి వినపడదు. కాబట్టి కార్ఖానాలో మాటంతా పెదాలతోనూ చేతులతోనూ. పిడికిలి బిగించి చూపిస్తే, మగ్గం ఆపు. చూపుడువేలు ఒక్కటి పైకెత్తితే, ఇంకొక్క కండె నూలు, అది అయిపోగానే వస్తా.

ఆరేళ్ల కూతురు రుచిత టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడేది. ఎవరూ నేర్పకుండానే చిన్న పిడికిలి బిగించి చూపించేది. రాజమల్లు నవ్వి వేలెత్తేవాడు. ఆ ఒక్క కండె నాలుగు కండెలయ్యేది. పిల్ల గోనెసంచి మీద కూర్చుని ఎదురుచూసి ఎదురుచూసి అక్కడే నిద్రపోయేది.

ఆ రుచితే ఇప్పుడు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. నిరుడు తండ్రిని చెయ్యి పట్టుకుని చెవుల డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. ఎడమ చెవి పోయిందన్నాడాయన. కుడి చెవి కొంత మిగిలిందట, ఇంకో ఏడాది ఆ మోతలో ఉంటే అదీ దక్కదట. ఆ మధ్యాహ్నం రుచిత డ్యూటీ బట్టల్లోనే, ఆసుపత్రి నడవాలో పదిమంది ముందు, తండ్రిని నిలబెట్టి కడిగేసింది.

"ఇంట్ల చెప్తే పెడచెవిన పెడ్తవ్. గీ బట్టలు తొడిగి చెప్తెనన్న వింటవా బాపు? రేపు నాకు పిల్లలు పుట్టి తాతా అంటే వినద్దా నువ్వు?"

రాజమల్లు అక్కడే కూతురి నెత్తి మీద చెయ్యి పెట్టి, వేరే పని దొరకగానే మగ్గం మానేస్తానని, మళ్లీ ముట్టనని మాటిచ్చాడు. ఈ ఏడు, ఊరవతల హజీరాలో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర గార్డు ఉద్యోగం కూడా రుచితే తెలిసినవాళ్లను పట్టుకుని ఇప్పించింది.

ఆ గేటు దగ్గర పని ఏమిటంటే నిలబడటం. లారీ వస్తే చీటీ చూసి గేటు తీయాలి, మళ్లీ వేయాలి, నిలబడాలి. చుట్టూ చప్పుడు లేదు. జనం దాన్ని ప్రశాంతత అంటారు. రాజమల్లు చెవుల్లో మాత్రం అప్పుడే జోరీగ లేచేది. సన్నగా, ఆగకుండా, తలలో సూది గుచ్చినట్టు రొద. అది కొత్తది కాదు, ఏళ్ల నాటిది. మగ్గాల మోతలో మునిగిపోయి ఇన్నాళ్లూ పెద్దగా తెలియలేదు, అంతే. ఈ సంగతి డాక్టరుకు చెప్పలేదు, రుచితకు చెప్పలేదు. చెవిలో ఏదో అరుస్తోందంటే పిచ్చి అంటారని మనవాడి భయం.

నిలబడలేక నడిచేవాడు. ఇటు ఆరడుగులు, అటు ఆరడుగులు, కాలుగాలిన పిల్లిలా. సూపర్‌వైజర్ రవీంద్ర రెండుసార్లు మెత్తగానే చెప్పాడు, గార్డన్నవాడు కదలకూడదని, కెమెరాలో తిరుగుతూ కనిపిస్తే తనకు మాట వస్తుందని. రాజమల్లు కాళ్లు ఆపితే చేతులు ఆగేవి కావు. చొక్కా అంచులో పోగులు లాగడం, ముడి వేయడం, విప్పడం.

పంతొమ్మిదో రోజున ఇంకొకటి జరిగింది. రోజూ ఆయన చేతికే చీటీ ఇచ్చే లారీ డ్రైవరు ఆ రోజు మొహంలోకి చూసి, "నయే ఆయే హో?" అని, కొత్తగా చేరిన మనిషిని అడిగినట్టు అడిగాడు. పద్దెనిమిది రోజులు చొక్కాకే చీటీ ఇచ్చాడన్నమాట, లోపలున్న మనిషికి కాదు. కార్ఖానాలో నూట ఇరవై మగ్గాల అవతల నుంచి చెయ్యి ఊపినా రాజమల్లన్న అని పోల్చుకునేవారు. ఆయనకు నిజంగా ఏడుపొచ్చినంత పనైంది.

ఇరవయ్యో రోజు పొద్దున యూనిఫాం వేసుకున్నాడు, టోపీ పెట్టుకున్నాడు, టిఫిన్ అందుకున్నాడు. ఉధ్నాలో కంపెనీ బస్సు ఎక్కాలంటే ఆటో కోసం కుడివైపు తిరగాలి. కాళ్లు ఎడమవైపు తిరిగాయి.

కార్ఖానాలో లింగం ఆయనకు తమ్ముడి లాంటివాడు, పక్క మగ్గాలవాడు. గుమ్మంలో టోపీ చూసి ఒక్క క్షణం తత్తరపడి, తర్వాత పెదాలతో అన్నాడు, "ఏందన్నా, దాడి చేయనీకొచ్చినవా?" మనుషులు దొరకక సగం మగ్గాలు ఖాళీగా ఉన్న రోజులు. కార్ఖానా యజమాని శేఠ్ ఏమీ అడగలేదు. రాజమల్లు చొక్కా విప్పి మేకుకు తగిలించాడు. బనీనుతో ఆరు మగ్గాల మధ్యకు నడిచాడు. మీట నొక్కగానే ఆ మోత వచ్చి జోరీగను మింగేసింది. ఇరవై రోజుల తర్వాత తలలో నెమ్మది. ఆ నెమ్మదికి ఒళ్లంతా తేలికైపోయి కళ్లు తుడుచుకున్నాడు.

ఒక్కరోజే అనుకున్నాడు. ఏజెన్సీ నుంచి మూడు రోజులు ఫోన్లు వచ్చాయి. నాలుగోరోజు, వేరే మనిషిని పెట్టుకున్నామని, యూనిఫాం తెచ్చి అప్పగించమని మెసేజి. అది లింగంతో చదివించుకుని ఫోను జేబులో వేసుకున్నాడు. యూనిఫాం మాత్రం అప్పగించలేదు. అదొక్కటి ఒంటి మీద ఉంటే చాలు, ఆయన హజీరాకే పోతున్నట్టు. సందంతా నమ్మింది, ఇల్లూ నమ్మింది. సాయంత్రం కార్ఖానా కుళాయి కింద తల కడుక్కుని, చేతుల నూనె సబ్బుతో తోముకుని, దొంగలా అద్దంలో చూసుకుని ఇంటికి వచ్చేవాడు.

అబద్ధం మోయడం ఆరు మగ్గాలు నడపడం కంటే కష్టమని తెలిసొచ్చింది. పక్కింటి స్వరాజ్యం ఎదురై, "మా గణపతికి గూడ గసొంటి నౌకరి జూడరాదే అన్నా," అంటే నవ్వి తప్పుకోవాల్సి వచ్చింది. ఊర్మిళ చొక్కా ఉతుకుతూ, "మంచి నౌకరే. కాలరుకు మన్ను గూడ అంటుతలేదు," అంటే టోపీ దులిపే వంక పెట్టుకుని బయటికి నడిచాడు. ఆమె అమాయకంగా అందో, ఆరా తీయడానికే అందో ఆయనకు అర్థం కాలేదు. రోజూ పడుకునే ముందు రేపటి నుంచి మానేద్దామనుకునేవాడు. పడుకోగానే జోరీగ లేచేది.

పదకొండో రోజు కొత్త పడుగు ఎక్కించారు. ముడి సరుకు నాసిరకం, నిమిషానికో పోగు తెగింది. పొద్దంతా ముడులు వేసి వేసి వేళ్లు వాచాయి. దీపాలు పెట్టే వేళకు ఓపిక లేక మొహం మీద మాత్రం నీళ్లు చల్లుకుని, అద్దం చూడకుండానే చొక్కా వేసుకుని, టోపీ చేత్తో పట్టుకుని ఇంటికొచ్చాడు. రుచితకు ఆ రోజు సెలవు. నేల మీద కూర్చుని గోరుచిక్కుడు తుంచుతోంది.

కుర్చీలో కూర్చుని నీళ్లు తాగి, కూతురి పెదాల వైపు చూశాడు. గేటు కాడ ఏం సంగతి అని అడుగుతోంది.

"నలభై లారీలొచ్చినయ్ బిడ్డా. రవీంద్ర సారు జర గరమైండు. కదలకుంట నిలవడాలె గద, కాళ్లు గుంజుతున్నయ్."

చెబుతున్నంతసేపూ రుచిత ఆయన కళ్లలోకి చూడటం లేదు. ఎడమ చెవి వైపు చూస్తోంది. చాయ్ తెచ్చిన ఊర్మిళ కూడా అటే చూసి గ్లాసుతో సహా ఆగిపోయింది. పద్నాలుగేళ్ల పిల్లాడైనా ఇంత తెలివితక్కువగా దొరికిపోడు. ఆకాశం రంగు యూనిఫాం, భుజాల పట్టీలు, విజిల్ తాడు, చెవి మీద నాలుగు తెల్లటి పోగులు. ఒంటి మీది బట్టంతా చూసుకున్నాడు గానీ, ముప్పై ఏళ్లుగా అక్కడే ఉన్నవాటిని చూసుకోవాలని ఆయనకు తోచలేదు.

రుచిత లేచి వెనక్కి వెళ్లింది. పోగులు మెల్లగా తీసింది. రాజమల్లు చెయ్యి చెవి దాకా పోయి, ఖాళీగా తగిలి, అక్కడే నిలిచిపోయింది. తిరిగి చూసే ధైర్యం లేక ఎదుటి గోడనే చూస్తూ కూర్చున్నాడు.

"ఎన్ని దినాలైంది బాపు?" అంది రుచిత వెనక నుంచి.

ఆయన పలకలేదు. సిగ్గుతో పలకలేదనుకుంది. కుడివైపుకు వంగి, మిగిలిందన్న ఆ చెవి దగ్గర, ఇంకాస్త గట్టిగా అంది. "బాపు." మళ్లీ అంది. రాజమల్లు మెడ కూడా కదల్లేదు. ఊర్మిళ గ్లాసు కింద పెట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మగ్గాల మోత తప్ప మనిషి మాట అందని ఆ చెవి పదకొండు రోజుల్లో పోయింది కాదు. ఎన్నాళ్లుగానో ఆయన వాళ్ల పెదాలు చూసి జవాబులు చెబుతున్నాడు, వాళ్లు వింటున్నాడనుకుంటున్నారు.

రుచిత ముందుకు వచ్చి నిలబడింది. కళ్ల నిండా నీళ్లు. పోగులున్న చేతిని పైకెత్తి, పిడికిలి బిగించి చూపించింది.

రాజమల్లు ప్రమేయం లేకుండానే కుడి చెయ్యి లేచింది. చూపుడువేలు నిలబడింది. ఇంకొక్క కండె.

తన వేలిని తనే చూసుకున్నాడు. గదిలో మగ్గం లేదు, కండె లేదు. తుంచిన గోరుచిక్కుడు, చల్లారుతున్న చాయ్, ఇద్దరు ఆడవాళ్లు.

"చెవులల్ల మోతుంటది బిడ్డా," అన్నాడు. గొంతు ఎంత పెద్దగా వస్తోందో ఆయనకు తెలియదు, సందంతా వినపడింది. "సప్పుడు లేని కాడ పానం ఆగదు. మగ్గం కాడికి పోతెనే మోత పోతది. పిచ్చి అంటరని చెప్పలే."

రుచిత పిడికిలి దించలేదు. పెదాలు స్పష్టంగా కదిపి, ఆయనకు అందేలా నెమ్మదిగా అంది.

"పిచ్చి కాదు. నాకు చెప్పాలె గద. రేపు డాక్టరుకు చెప్దాం, నేనొస్త."

చాలాసేపు ఆ వేలు అలాగే నిలబడి ఉంది. తర్వాత రాజమల్లు దాన్ని ముడిచాడు. వేలు ముడిస్తే ఆయన చెయ్యీ పిడికిలే అయింది, ఎదుట కూతురి చెయ్యిలాగే. జోరీగ అప్పుడే లేచింది. రాజమల్లు కుర్చీలోంచి లేవలేదు.